పదిహేను చాలన్న మాస్టారు

మొన్న మా ఇంట్లో ఇన్వర్టర్ మొరాయిస్తే బాగుచేయడానికి ఒకతను వచ్చాడు. హాల్లో నేల మీద పేపరు పరుచుకుని కూర్చుని, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక సీసపు తీగను దానికి తాకించాడు. నేను వంటింట్లో చారుకి తాలింపు వేస్తున్నాను. ఇంగువ వాసనను దాటుకుని ఆ పొగ వాసన నా దగ్గరికి వచ్చింది. కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా, గొంతులో గరగరలాడే వాసన. ఇప్పుడు మా షాపులో ఎవరూ సోల్డరింగ్ జోలికి పోరు, బోర్డు పాడైతే బోర్డే మార్చేస్తారు. అందుకని ఆ వాసన తగిలి చాలా కాలమైంది. గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను, తాలింపు మాడిపోయింది. కామేశం మాస్టారు గుర్తొస్తే నాకు ముందు భయమే వస్తుంది. ప్రేమ దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు. రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో ఆంప్లిఫయర్లు తయారుచేసి అమ్మే చిన్న షాపు ఆయనది. డబ్బున్న ఇళ్ళలోకి క్యాసెట్ డెక్‌లూ రికార్డు ప్లేయర్లూ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వాటిలోంచి వచ్చే పాటను పెద్దది చేసి స్పీకర్లకు అందించే పెట్టెను కొందరు మద్రాసు నుంచి తెప్పించుకునేవారు, తక్కినవాళ్ళు మాస్టారి దగ్గర చేయించుకునేవారు. ఎవరేమడిగినా విసుక్కోకుండా విడమరిచి చెబుతారని ఊరు ఆయన్ని మాస్టారని పిలిచేది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉండేవారు, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. ఎడమ చేతి వేళ్ళ నిండా కాలిన మచ్చలు. ఆయన చేసేవి రెండే రకాలు: పదిహేను వాట్లది ఒకటి, నలభై వాట్లది ఒకటి. రెండింటికీ డబ్బా ఒకటే, ముందు సౌండు పెంచడానికి తిప్పే నాబ్‌లూ ఒకటే. తేడా అంతా లోపల. షాపులో మేం వాటిని చిన్నదీ పెద్దదీ అనేవాళ్ళం.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, రావులపాలెం దగ్గర మా ఊళ్ళో రెండేళ్ళు ఉద్యోగం కోసం ఎదురుచూసి విసిగిపోయి ఆయన దగ్గర చేరాను. ఆడపిల్ల రేడియో షాపులో పనిచేయడమేంటని మా నాన్నకు నెల్లాళ్ళు అన్నం సయించలేదు. రాజమండ్రిలో పిన్ని ఇల్లుంది కాబట్టి చివరికి సరేనన్నారు. నాది పుట్టుకతోనే పిరికి గుండె. తాళం వేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. మొదటిరోజు షాపు మెట్టెక్కేటప్పుడు కూడా చెప్పులు సరిగ్గా విడిచానో లేదోనని రెండుసార్లు వెనక్కి చూశాను.

"పదిహేను వాట్లకీ నలభై వాట్లకీ తేడా ఎంతమ్మా?" అని అడిగారు మాస్టారు, నేను ఇంకా కూర్చోకముందే.

"రెండింతల కంటే ఎక్కువండి."

"అది కాగితం మీద. మరి చెవికి?"

ఆయన ఒకే పాటను ముందు చిన్నదానిలో, తర్వాత పెద్దదానిలో, రెండింటినీ చివరికంటా తిప్పి వినిపించారు. రెండోది మొదలయ్యేటప్పుడు చెవులు పగిలిపోతాయేమోనని భుజాలు బిగించుకుని కూర్చున్నాను. తీరా చూస్తే కాస్త పెరిగిందంతే. "ఇంతేనాండి?" అన్నాను.

"అంతేనమ్మా. కాగితం మీద పుట్టెడు, చెవికి గుప్పెడు. ఆ గుప్పెడు కోసం జనం ఎందుకంత ఇదైపోతారో నాకూ తెలీదు. అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తే మనకీ కిరాణా కొట్టుకీ తేడా ఏముంది? ఆ ఇంటికి ఏది సరిపోతుందో చూసి ఇవ్వాలి."

అలా చూడటానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరైనా ఆంప్లిఫయర్ కావాలని వస్తే షాపులో అమ్మేవారు కాదు. చిన్నదీ పెద్దదీ రెండూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవారు. వాళ్ళ గదిలో, వాళ్ళ స్పీకర్లకే తగిలించి, వాళ్ళకిష్టమైన పాట పెట్టించేవారు. ఇంటావిడను వంటింట్లో తన పని తాను చేసుకుంటూ మామూలుగా మాట్లాడుతుండమనేవారు. నాబ్‌ను కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ, పాట నిండుగా వినిపిస్తూనే ఆవిడ మాట కూడా చెవిన పడే చోట ఆపేవారు. అక్కడ జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి నాబ్ పక్కన ఎర్రటి చుక్క పెట్టేవారు. చిన్నదానిలో ఆ చుక్క సగంలోపు పడితే ఆ ఇంటికి చిన్నదే. సగం దాటితేనే పెద్దది. చిన్నదాన్ని మరీ తిప్పితే పాట గొంతు చీరుకుపోతుంది, పెద్దదాన్ని చిన్న స్పీకర్ల మీదకు వదిలితే స్పీకర్లు కాలిపోతాయి. నూటికి తొంభై ఇళ్ళకు ఆయన చిన్నదే ఇచ్చేవారు.

దానికి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసే సుబ్బారాజుగారని ఒకాయన ఉండేవారు. చుక్క సగంలోపే పడిందని చూపిస్తే ఆయన మొహం మాడ్చుకున్నారు. "మా వియ్యంకుడింట్లో నలభై ఉందండి మాస్టారూ. నేను పదిహేను పెట్టుకుంటే ఏం బాగుంటుందండి?"

"మీ పాట మీ వియ్యంకుడికి వినిపించాలంటే ఆయన్నే భోజనానికి పిలవండి. అంత దూరం వాట్లతో పంపలేం," అన్నారు మాస్టారు. సుబ్బారాజుగారు పడి పడి నవ్వి చిన్నదే తీసుకున్నారు. తిరుగు బస్సులో నేను ఇంకా నవ్వుతుంటే, "నవ్వు సరే, ఆ చుక్క ఎక్కడ పడిందో చూశావా? నాబ్ గడియారమనుకుంటే తొమ్మిది దగ్గర, సగమంటే పన్నెండు. అది గుర్తుపెట్టుకో," అన్నారు. ఏ ఇంటికి వెళ్ళినా అలాగే అడిగేవారు. నాలుగేళ్ళలో ఎన్ని ఇళ్ళ చుక్కలు నాకు కంఠతా వచ్చాయో లెక్కలేదు.

ఐదో ఏడు వేసవిలో మొదలైంది. ఒకరోజు మాస్టారు కొత్త సెట్టు ఒకటి సరిచూసి, మూత బిగించి, "బాగుంది, కట్టేయ్," అని భోజనానికి వెళ్ళారు. కట్టబోతుంటే అందులోంచి ఈల వినిపించింది. దోమ చెవి దగ్గరికొచ్చినట్టు సన్నగా, ఆగకుండా. ఇంత పెద్ద లోపం ఆయన దాటిపోనిచ్చారంటే నమ్మలేకపోయాను. ఏదో పరధ్యానంలో ఉన్నారనుకుని, మూత విప్పి, తప్పు వెతికి సరిచేసి, ఆయన వచ్చేలోపు మళ్ళీ బిగించేశాను. చెబితే చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

ఏడాది తిరిగేసరికి అలాంటివి పది దాటాయి. ఆయన భోజనానికి లేవడం, నేను స్క్రూడ్రైవర్ పట్టుకోవడం. ఇంటికెళ్ళి పిన్ని పెట్టిన అన్నం ముందు కూర్చుని ఇదే ఆలోచించేదాన్ని. మాటలు ఆయనకు చక్కగా వినిపిస్తున్నాయి. సందు చివర ఎవరైనా పిలిచినా పలుకుతున్నారు. మరి ఈల ఎందుకు వినిపించడం లేదు? ఆలోచిస్తుండగా చుక్కలు గుర్తొచ్చాయి. ఈ మధ్య వెళ్ళిన ఇళ్ళలో చుక్క పదిన్నర దగ్గర పడింది, తర్వాత పన్నెండు, ఆ తర్వాత ఒంటిగంట. అక్కణ్ణుంచి వరసగా ఎనిమిది ఇళ్ళకు పెద్దదే ఇచ్చాం. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు వంటింట్లోంచి మామూలుగా మాట్లాడలేదు, పాట మీదుగా వినిపించాలని గొంతు చించుకుని అరిచారు. మాస్టారు అదే వాళ్ళ మామూలు గొంతనుకున్నారు. మా వైపు మర్యాద అలాంటిది. గారు, అండి అని పిలిచే మనిషిని పట్టుకుని, సౌండు ఎక్కువైందని ఎవరంటారు?

ఒకసారి ధైర్యం చేసి, "ఈ మధ్య అందరికీ పెద్దదే పడుతోందేంటండి?" అన్నాను.

"చిన్నదానిలో మెరుపు తగ్గిందమ్మా. పాటలో వాయించే తాళాలు చూడు, అసలు పైకి రావడం లేదు. ట్రాన్సిస్టర్లు వెనకటిలా రావడం లేదు," అన్నారు. తాళాలు నాకు గణగణమని వినిపిస్తున్నాయి. ఆయన చెవిలో పైస్థాయి శబ్దాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, ఆ సంగతి ఆయనకు తెలియదు. లోపం సెట్టులో ఉందనుకుని వాట్లు పెంచుకుంటూ పోతున్నారు. చెబితే ఆయన బతుకే పోతుంది. ఆ చెవిని నమ్ముకుని ఊరు నడుస్తోంది, ఆయన కూడా దాన్నే నమ్ముకుని నడుస్తున్నారు. చెప్పకపోతే ఇళ్ళలో స్పీకర్లు కాలుతున్నాయి, అప్పటికే రెండు జతలు షాపుకి వచ్చాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నీ మొహమేంటి అలా ఉంది, జ్వరమా?" అని ఆయన అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

అప్పుడు పెద్దాపురం నుంచి పట్టుచీరల వ్యాపారి వెంకటరత్నంగారు వచ్చారు. ఎవరో బంధువు విదేశాల నుంచి తెచ్చిన స్పీకర్లు ఆయన దగ్గర ఉన్నాయి. చిన్నవి, నాజూకువి, ఆయనకు ప్రాణం. పిల్లల్ని కూడా వాటిమీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. గది పది అడుగులకు మించి లేదు. మాస్టారు అక్కడ కూడా నాబ్ తిప్పి తిప్పి ఒంటిగంట దాటించి, "మీకు పెద్దది కావాలండి," అన్నారు. వెంకటరత్నంగారు వినయంగా చేతులు కట్టుకుని, "తమరెలా అంటే అలాగేనండి," అన్నారు. వారంలో ఆ స్పీకర్లు మసైపోతాయని నాకు తెలుసు.

షాపుకొచ్చాక నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. పెద్దదాని కోసం తీసిన డబ్బాలో చిన్నదాని సరుకు అమర్చాను. ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా. బయట నలభై అనే చీటీ అంటించాను. ఎవరికీ నష్టం లేదు, మాస్టారి మాటా నిలబడుతుంది, స్పీకర్లూ బతుకుతాయని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు రోజులు కంటికి కునుకు లేదు.

పట్టుకెళ్ళాల్సిన రోజు పొద్దున్న బయట రిక్షా ఆగింది. ఎప్పుడూ నేనే డబ్బా ఎత్తేదాన్ని, ఆ రోజు నాకంటే ముందు మాస్టారు వంగారు. రెండు చేతులతో పైకెత్తి, అలాగే ఆగిపోయారు. కొంచెం కిందకి దించి మళ్ళీ ఎత్తారు.

"పెద్దది ఇంత తేలిగ్గా ఉండదే," అన్నారు.

ఆయన డబ్బాను బల్ల మీద పెట్టి, రిక్షా అబ్బాయిని తర్వాత రమ్మని చెప్పి, మూత విప్పారు. లోపలున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద వేలు పెట్టి చూశారు. కోప్పడితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

"నలభై అని డబ్బు తీసుకుని పదిహేను ఇస్తే దాన్నేమంటారు సుభద్రా?"

"దొంగతనమంటారండి."

"దొంగతనం చేసే పిల్లవి కాదు నువ్వు. ఎందుకు చేశావో చెప్పు."

చెప్పేశాను. ఏడుస్తూ, వరస తప్పి, ముందుది వెనక వెనకది ముందు చెప్పేశాను. ఈల, చుక్కలు, అరిచిన ఆడవాళ్ళు, కాలిన స్పీకర్లు, అన్నీ. ఆయన అడ్డు రాలేదు. అంతా విన్నాక, "ఎన్నాళ్ళ నుంచి నా వెనకాల సరిచేస్తున్నావు?" అని మాత్రం అడిగారు.

"ఏడాది దాటిందండి."

ఆయన లేచి షట్టరు సగానికి దించారు. అలమరాలోంచి ఒక పాత క్యాసెట్టు తీశారు. పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి గుళ్ళో జరిగిన భజనను ఆయనే స్వయంగా రికార్డు చేసుకున్న టేపు. అందులో ఎక్కడ ఏముందో ఆయన మనసుకు తెలుసు. డెక్‌లో పెట్టి, దాన్ని అసలైన పెద్దదానికి తగిలించి, నన్ను నాబ్ దగ్గర నిలబెట్టి, ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"తాళాలు వినిపించగానే చెయ్యెత్తుతాను. అక్కడ ఆపు."

తిప్పాను. మృదంగం వచ్చింది, హార్మోనియం వచ్చింది, పాడేవాళ్ళ గొంతులు వచ్చాయి. తాళాలు తొమ్మిది దగ్గరే నాకు గలగలమన్నాయి. ఆయన చెయ్యి మోకాలి మీదే ఉంది. పన్నెండు దాటింది. అలమరా అద్దాలు అదరడం మొదలైంది. రెండు దాటింది. పక్క గడియారాల షాపాయన షట్టరు కిందనుంచి వంగి చూసి చెవులు మూసుకుని వెళ్ళిపోయాడు. నాబ్ చివరికొచ్చి ఆగింది, ఇంక తిరగదు. తాళాల మోత నా తలలో సుత్తితో కొడుతున్నట్టుంది. మాస్టారు నా వైపే చూస్తున్నారు. ఆయన ఏదో అన్నారు, ఆ హోరులో మాట నాకు చేరలేదు, పెదవులు చూసి పోల్చుకున్నాను.

"వాయిస్తున్నారా?"

తల ఊపాను. వాయిస్తున్నారని. అంతకంటే కష్టమైన పని నా బతుకులో మరొకటి చేయలేదు.

టేపు ఆపాను. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎప్పుడూ మడత నలగనివ్వని చొక్కా. "నాకు వినిపించడం లేదని చెప్పాల్సింది నాకు కదమ్మా," అన్నారు. "డబ్బాలో దాచిపెడితే నాకెలా తెలుస్తుంది? ఏడాదిలో ఎనిమిది ఇళ్ళు పాడుచేశాను. మొదటిరోజే చెప్పుంటే ఒక ఇంటితో పోయేది." గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ మానలేదు.

ఆ రోజే పెద్దాపురం వెళ్ళాం. "నా చెవి మందగించిందండి. మీకు మా సుభద్ర చూసి చెబుతుంది," అని వెంకటరత్నంగారి ముందు తడబడకుండా చెప్పారు. ఆయన నా వంక, మాస్టారి వంక మార్చి మార్చి చూశారు. గోళ్ళరంగు సీసా నా చేతిలో పెట్టారు, నేను పెట్టిన చుక్క కాస్తా గీత అయింది. చిన్నదానిలో, తొమ్మిదిన్నర దగ్గర. నేను సరిగ్గానే విన్నానా అన్న అనుమానం ఆ క్షణం పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

తర్వాత నెల్లాళ్ళూ ఆ ఎనిమిది ఇళ్ళకూ తిరిగాం. వద్దండి మాస్టారూ, నేనొక్కదాన్నే వెళ్ళి మార్చి వస్తానంటే వినలేదు. ప్రతి గుమ్మంలో నిలబడి, తప్పు తన చెవిదని ఆయనే చెప్పారు. మండపేటలో ఒకావిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ రోజే అనుకున్నామండి బాబుగారూ. మీకు చెప్పేంతటి వాళ్ళమాండి మేము!" అన్నారు. మాస్టారు ఆవిడకి దణ్ణం పెట్టారు. ఒకాయన మాత్రం పెద్దది వెనక్కివ్వనన్నారు. నలభై అని వీధంతా చెప్పుకున్నారట, ఇప్పుడు పదిహేనంటే తలెత్తుకోలేరట. మాస్టారు చాలా రోజుల తర్వాత ఆ ఒక్కచోటే నవ్వారు.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్ళు షాపుకి వచ్చారు. చెవి పని నాకు వదిలేసి, చేతి పని ఆయన చేసుకున్నారు. కిటికీ పక్కన కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారు. నేను సెట్టు సరిచూసి మూత వేస్తుంటే, "అనుమానముంటే అడుగు, నన్ను కాదు, ఇంకో చెవున్న మనిషిని," అనేవారు. ఆయన పోయిన తర్వాత వాళ్ళింటివాళ్ళు షాపు నాకే అప్పగించారు.

ఇప్పుడు మేం ఫంక్షన్ హాళ్ళలో, గుళ్ళలో సౌండు అమరుస్తాం. హాలు చూసి ఎంత పవర్ కావాలో నేనే చెబుతాను. ముగ్గురు పనిచేస్తున్నారు. ఎవరిని పనిలోకి తీసుకున్నా మొదటిరోజే కూర్చోబెట్టి చెబుతాను: నా పనిలో తేడా కనిపిస్తే నా మొహాన చెప్పాలి, వెనకాల సర్దకూడదు. "అలాగేనండి మేడమ్," అంటారు. నాకు అరవై దాటాయి. ఇంతవరకూ ఒక్కరూ ఏమీ అనలేదు. పని బాగుందనే అనుకోవాలి. కానీ ఈ మధ్య సాయంత్రం నేను సరిచూసి ఇంటికి బయల్దేరాక, అందరిలోకీ పాతవాడు మా రమణ ఇంకాసేపు ఉండిపోతున్నాడు. మెట్లు దిగి వెనక్కి తిరిగి చూస్తే నా బల్ల మీద లైటు ఇంకా వెలుగుతూ ఉంటుంది. ఏం చేస్తున్నావురా అని అడగాలి. అడిగితే నిజం చెబుతాడు, మంచివాడు. రోజూ రేపడుగుదామనుకుని ఇంటికి వచ్చేస్తున్నాను.